వీడియో గేముల గుణదోష విమర్శ

వీడియో గేమును ఆడి చూసి అందులో ఏది బాగుంది, ఏది బాగాలేదు, ఎందువల్ల అని తేల్చి చెప్పే రచనను గేమ్ విమర్శ అంటారు. పత్రికల సమీక్షలు, వాటి కింద వేసే మార్కులు, ఆన్‌లైన్ దుకాణాల్లో ఆటగాళ్లు రాసే అభిప్రాయాలు, గేములు తయారుచేసేవాళ్లే రాసిన వ్యాసాలు, యూట్యూబ్ వీడియోలు అన్నీ దీని కిందికే వస్తాయి. సినిమా సమీక్షలో ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, చివర అయిదుకి ఇంత అని రేటింగు చూడటం తెలుగు పాఠకుడికి బాగా అలవాటు. గేముల సమీక్ష కూడా చాలాకాలం అదే బాటలో నడిచింది. అయితే సినిమా అందరికీ ఒకే నిడివి, ఒకే వరస. గేము మాత్రం ఆడేవారి నేర్పును బట్టి, ఓపికను బట్టి, చేతిలో ఉన్న యంత్రాన్ని బట్టి మారిపోతుంది. అందుకే ఒకరు మెచ్చుకున్న అంశాన్నే మరొకరు తప్పుపట్టడం ఇక్కడ మామూలు. నలభై ఏళ్ల తీర్పులను వరసపెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. గేములోని గొప్ప గుణమూ పెద్ద లోపమూ చాలాసార్లు ఒకే నిర్ణయంలోంచి పుడతాయి. మంచి విమర్శకులు ఆ మూలాన్ని పట్టుకున్నారు. మిగతావాళ్లు రెండు జాబితాలు రాసి ఊరుకున్నారు.

తొలి పత్రికలు

అమెరికాలో 'వీడియో' పత్రిక 1979లో మొదలుపెట్టిన 'ఆర్కేడ్ ఆలీ' శీర్షిక గేమ్ సమీక్షల్లో తొలితరం ప్రయత్నం. దాన్ని నడిపిన బిల్ కుంకెల్, ఆర్నీ కాట్జ్ 1981లో జాయిస్ వర్లీతో కలిసి 'ఎలక్ట్రానిక్ గేమ్స్' పత్రిక పెట్టారు. అదే ఏడాది నవంబరులో బ్రిటన్‌లో 'కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్' వచ్చింది. జపాన్‌లో 1986లో మొదలైన 'ఫామిత్సు' నలుగురు సమీక్షకుల చేత తలా 10 మార్కులకు తీర్పు చెప్పించి, మొత్తం 40కి లెక్కగట్టే పద్ధతికి పేరుపడింది. అక్కడ 40కి 40 తెచ్చుకున్న మొదటి గేము 1998లో వచ్చిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్'.

ఆ రోజుల్లో సమీక్ష అంటే ముఖ్యంగా కొనేవారికి సలహా. బొమ్మలకు ఇన్ని మార్కులు, శబ్దానికి ఇన్ని, ఎన్నాళ్లు ఆడిస్తుందన్నదానికి ఇన్ని అని విడివిడిగా వేసేవారు. గేము ఖరీదైన వస్తువు, కొన్నాక నచ్చకపోతే డబ్బు పోయినట్టే కాబట్టి ఆ పద్ధతి పాఠకుడికి నిజంగానే మేలు చేసింది. కాకపోతే ఆ గళ్లలో ఇమడని సంగతి చెప్పడానికి చోటుండేది కాదు.

అటారి 2600 గేమ్ యంత్రం కోసం 1982లో వచ్చిన 'ఈ.టీ.' దీనికి మంచి ఉదాహరణ. స్పీల్‌బర్గ్ సినిమా ఆధారంగా, క్రిస్మస్ అమ్మకాలకు అందేలా హోవర్డ్ స్కాట్ వార్షా దాన్ని సుమారు అయిదు వారాల్లో తయారుచేశాడు. తెర నిండా గోతులుంటాయి. గ్రహాంతరవాసి బొమ్మలో ఏ కొస గోతికి తగిలినా లోపలికి పడిపోతాడు. కాళ్లు నేల మీద ఉన్నట్టే కనిపిస్తూ, తల మాత్రం గోతి బొమ్మను తాకినా చాలు. మెడ సాచి నెమ్మదిగా పైకి తేలి వస్తాడు, అడుగు పక్కకు వేసేలోపు మళ్లీ పడతాడు. చూసే కన్ను ఒకటి చెబుతుంటే యంత్రం ఇంకొకటి లెక్కగడుతోంది. ఆటగాడికి కోపం వచ్చింది అక్కడే. అమ్ముడుపోని కార్ట్రిడ్జిలను 1983లో న్యూమెక్సికోలోని అలమొగోర్డో చెత్తదిబ్బలో పూడ్చిపెట్టారు. 2014లో తవ్వితే అవి నిజంగానే బయటపడ్డాయి.

'చరిత్రలో అతి చెత్త గేము' అన్న పేరు దానికి అలా స్థిరపడిపోయింది. ఆ తీర్పు సగమే న్యాయం. కాల్చడం, చంపడం లేకుండా ఇంటికి ఫోన్ చేసుకోవడానికి విడిభాగాలు ఏరుకోవడమే లక్ష్యంగా పెట్టిన గేము ఆనాటికి అరుదు. 1983లో అమెరికా గేమ్ మార్కెట్ కుప్పకూలడానికి ఇదొక్కటే కారణమనడం మరీ అన్యాయం. ఎన్నో కంపెనీలు నాసిరకం కార్ట్రిడ్జిలతో దుకాణాలను నింపేశాయి, ధరలు పడిపోయాయి, ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చాయి.

కర్ర కొంచెం వంచితే

బ్రిటన్‌లో 1993లో మొదలైన 'ఎడ్జ్' పత్రిక విమర్శ భాషను మార్చింది. పిల్లల పత్రికల హడావుడి మాని, పెద్దవాళ్లు చదివే గద్యంలో గేముల గురించి రాసింది. 'డూమ్'కు 10కి 7 ఇచ్చి, ఆ రాక్షసులతో మాట్లాడే వీలుంటే ఎంత బాగుండేదని వాపోయిన సమీక్ష ఏళ్ల తరబడి నవ్వులపాలైంది. చంపడం తప్ప మరో సంబంధం ఎందుకు ఉండకూడదన్న ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. తర్వాత వచ్చిన ఎన్నో గేములు అదే ప్రశ్నకు జవాబు వెతికాయి.

'ఎడ్జ్' మొదటిసారి 10కి 10 ఇచ్చింది 1996 నాటి 'సూపర్ మారియో 64'కు. ఆ గేము ఆడే కంట్రోలర్ మధ్యలో ఒక చిన్న కర్ర ఉంటుంది. దాన్ని కొంచెం వంచితే మారియో మునివేళ్ల మీద నడుస్తాడు, ఇంకాస్త వంచితే మామూలు నడక, పూర్తిగా వంచితే పరుగు. ఉన్నట్టుండి వెనక్కి తిప్పితే కాళ్లు జారుతూ ఆగి మళ్లుతాడు. గెలవాల్సిన పని ఏదీ లేకపోయినా, కోట ముందున్న పచ్చిక మీద ఊరికే పరుగెత్తడమే ఆనందంగా ఉంటుంది. ఈ గుణాన్ని చూపడానికి బొమ్మలు, శబ్దం, నిడివి అన్న పాత గళ్లు ఏవీ పనికిరాలేదు. చెయ్యి ఏం చేస్తే తెర మీద ఏమవుతుందో రాయాల్సి వచ్చింది.

అదే గేములో కెమెరాను తప్పుపట్టిన సమీక్షకులూ ఉన్నారు. గోడ పక్కకు వెళితే అది ఇరుక్కుంటుంది. దూకబోయే క్షణంలో కోణం మారి, అడుగు ఎక్కడ పడుతుందో కనబడదు. ఆటగాణ్ణి ఎటుపడితే అటు తిరగనిచ్చాక కెమెరా ఎక్కడుండాలో ముందుగా నిర్ణయించడం ఎవరివల్లా కాదు. నడకలోని హాయి, కెమెరా విసుగు రెండూ ఆ స్వేచ్ఛ నుంచే వచ్చాయి.

అంకెల పెత్తనం

సమీక్షల మార్కులన్నీ పోగుచేసి ఒకే అంకెగా చూపే 'మెటాక్రిటిక్' 2001లో మొదలైంది. అన్ని పత్రికలనూ అది సమానంగా లెక్కించదు, ఏ పత్రికకు ఎంత బరువిస్తుందో బయటపెట్టదు. అంతకన్నా ఆలోచించాల్సింది రంగుల సంగతి. సినిమాకు 61 వస్తే అక్కడ పచ్చరంగు పడుతుంది. గేముకు అదే పచ్చరంగు కావాలంటే 75 రావాలి. గేమ్ పత్రికలు మొదటి నుంచీ 7కీ 10కీ మధ్యనే మార్కులు కుక్కడం వల్ల, 'పరవాలేదు' అనాల్సిన 7 'వద్దు' అన్న అర్థంలో చెలామణి అయింది. కింది సగం అంకెలు దాదాపు వాడకుండానే మిగిలిపోయాయి.

ఈ అంకె ఎంత దూరం వెళ్లిందో 2010లో వచ్చిన 'ఫాల్అవుట్: న్యూ వేగస్' చూపిస్తుంది. అబ్సిడియన్ సంస్థ తయారుచేసిన ఆ గేములో రాత అద్భుతం. ప్రతి ఊరికీ ఒక రాజకీయం, ప్రతి పనికీ రెండు మూడు దారులు, మాటతో గెలవగలిగే చివరి ఘట్టం. విడుదల రోజు మాత్రం బగ్గులమయం. గేము ఆగిపోయేది, సేవ్ చేసింది పాడయ్యేది. సమీక్షలు రెండూ చెప్పాయి, సగటు 84 దగ్గర ఆగింది. ప్రచురణ సంస్థ బోనస్ ఇవ్వాలంటే 85 రావాలన్నది షరతనీ, ఒక్క పాయింటుతో అది చేజారిందనీ ఆ గేము రచనలో పాలుపంచుకున్న క్రిస్ అవెలోన్ 2012లో వెల్లడించాడు. ఆ బగ్గులు చాలావరకు తర్వాతి ప్యాచ్‌లతో పోయాయి, రాత నిలిచింది. ఇవాళ దాన్ని 'ఫాల్అవుట్' వరసలోనే మేటి గేముగా చాలామంది చెప్పుకుంటారు.

పత్రికల మీద వ్యాపార ఒత్తిడి కూడా చిన్నదేమీ కాదు. 'కేన్ అండ్ లించ్' గేముకు 6 మార్కులిచ్చిన జెఫ్ గెర్‌స్ట్‌మన్‌ను 2007లో 'గేమ్‌స్పాట్' ఉద్యోగం నుంచి తీసేసింది. ఆ సమయంలో ఆ సైటు నిండా అదే గేము ప్రకటనలున్నాయి. సమీక్షల మీద ప్రకటనదారుల ఒత్తిడి దీనికి కారణాల్లో ఒకటని 2012లో ఆయనే బయటికి చెప్పాడు. కొన్ని పత్రికలు అంకెలనే వద్దనుకున్నాయి. 2007లో పుట్టిన 'రాక్ పేపర్ షాట్‌గన్' మార్కులు వేయలేదు. 'యూరోగేమర్' 2015లో మార్కులు మానేసి, 2023లో నక్షత్రాలతో మళ్లీ మొదలుపెట్టింది.

ఆటగాళ్ల తీర్పు మరో దారి పట్టింది. 'స్టీమ్' దుకాణంలో 2013 నుంచి కొన్నవాళ్లు బొటనవేలు పైకో కిందికో చూపి సమీక్ష రాయవచ్చు. ఎన్ని గంటలు ఆడి రాశారో పక్కనే కనిపిస్తుంది, ఇది పత్రికలు సాధారణంగా ఇవ్వని మంచి ఆధారం. అదే దారిలో మూకుమ్మడి దాడులూ వచ్చాయి. 2020 జూన్‌లో 'ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' విడుదలైన గంటల్లోనే, ఆ గేము పూర్తిచేయడానికి సరిపడా సమయం కూడా గడవకముందే, వేలమంది మెటాక్రిటిక్‌లో సున్నాలు వేశారు. ఆ తర్వాత ఆ సైటు విడుదలైన 36 గంటల దాకా ఆటగాళ్ల మార్కులు తీసుకోకుండా నియమం పెట్టింది.

కథ ఒక మాట, లెక్క ఒక మాట

సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ గేములు ఎప్పటికీ కళ కాలేవని 2010లో రాసి పెద్ద దుమారం రేపాడు. కొద్ది నెలలకే, ఆడి చూడకుండా అలా అని ఉండాల్సింది కాదని ఒప్పుకున్నాడు. 2012లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం 14 గేములను సేకరణలో చేర్చుకుంది. ఈ వాదం మీద ఖర్చయిన సిరా చాలా ఎక్కువ. తేలిన ఫలితం తక్కువ.

విమర్శకు నిజంగా పనికొచ్చిన ఆలోచన ఒక గేమ్ రూపకర్త దగ్గర నుంచి వచ్చింది. 2007లో వచ్చిన 'బయోషాక్' సముద్రగర్భంలో కూలిపోతున్న ఒక నగరం కథ. మెటాక్రిటిక్‌లో 96 తెచ్చుకుంది. ఆ ఏడాదే ఆ రూపకర్త, క్లింట్ హాకింగ్, దాన్ని మనసారా మెచ్చుకుంటూనే ఒక లోపం ఎత్తిచూపాడు. గేము నియమాలు స్వార్థం చూసుకొమ్మని ఊరిస్తాయి. కథ మాత్రం ఎదురుచెప్పే వీలివ్వకుండా ఇంకొకరికి సాయం చేయిస్తుంది. చేతులు నేర్చుకున్నది ఒకటి, కథ నడిపించేది మరొకటి. ఈ పొసగనితనం అన్న భావన ఆ తర్వాత గేమ్ విమర్శలో స్థిరపడింది.

లెక్క వేస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. అందులో చిన్నపిల్లలను చంపి శక్తి పిండుకోవచ్చు, కాపాడి వదిలేయనూవచ్చు. చంపితే 160, కాపాడితే 80. ఎవరికైనా అది పెద్ద త్యాగంలా తోస్తుంది. కానీ ముగ్గురిని కాపాడిన ప్రతిసారీ 200 కానుకగా వస్తాయి. ముగ్గురిని చంపినవాడికి 480 దక్కితే, కాపాడినవాడికి 440 దక్కుతాయి. ధర్మసంకటంగా చూపిన ఘట్టంలో తేడా 40. మంచితనానికి నష్టమే లేకుండా చేశారన్నది కొందరి ఫిర్యాదు. చెడ్డపని చేయమని ఆటగాణ్ణి బలవంతపెట్టలేదు కదా అన్నది కొందరి మెచ్చుకోలు.

ఒకే నిర్ణయం, రెండు తీర్పులు

2017 నాటి 'జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్'లో కత్తులు కొన్ని దెబ్బలకే విరిగిపోతాయి. ఎంతో కష్టపడి సంపాదించిన కత్తి కళ్లముందే ముక్కలవుతుంటే చాలామంది మండిపడ్డారు. అయితే విరుగుతాయి కాబట్టే ఆటగాడు ఒకే ఆయుధం పట్టుకుని కూర్చోడు. కొండ మీది నుంచి బండ దొర్లిస్తాడు, ఎండుగడ్డికి నిప్పుపెడతాడు, శత్రువు చేతిలోది లాక్కుంటాడు. ఆ గేములో అందరూ మెచ్చుకున్న యుక్తులకు తల్లి ఆ విరగడమే. కత్తులు గట్టిపడాలని కోరే సమీక్షకుడు, దానివల్ల ఇంకేం పోతుందో కూడా చెప్పాలి.

2018లో వచ్చిన 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' నెమ్మదితనంపై కూడా ఇలాంటి చర్చే జరిగింది. జింకను వేటాడితే కథానాయకుడు ఆర్థర్ వంగి, కత్తి తీసి, చర్మం ఒలిచి, మడిచి భుజాన వేసుకుని గుర్రం దాకా మోసుకెళ్లి కట్టాలి. ప్రతిసారీ అంతా చూడాల్సిందే. బతుకు బరువు తెలిసిందని ఒకరు రాశారు, బటన్ నొక్కాక ఎదురుచూడటమే పనైపోయిందని మరొకరు రాశారు. ఆ గేము తయారీలో విపరీతమైన పనిగంటల గురించి విడుదలకు ముందే దుమారం రేగింది. అంత సూక్ష్మమైన పనితనాన్ని పొగిడే సమీక్షలో దాని వెనకున్న శ్రమను కూడా ప్రస్తావించాలా అన్న ప్రశ్న అప్పటి నుంచి విమర్శకులను వదల్లేదు. ప్రస్తావించాల్సిందే. సమీక్షకుడు పొగిడే పనితనం ఆ శ్రమ ఫలితమే.

2005 నాటి 'రెసిడెంట్ ఈవిల్ 4'లో తుపాకి ఎక్కుపెట్టాక అడుగు కదలదు. భయం పుట్టేది ఆ కట్టడిలోనే. 2023లో తిరిగి చేసినప్పుడు నడుస్తూ కాల్చే వీలిచ్చి, శత్రువులను మరింత దుడుకుగా మార్చి ఆ భయాన్ని వేరే దారిలో తెచ్చారు.

కష్టం గురించిన వాదన అన్నిటికన్నా పెద్దది. 2011 నాటి 'డార్క్ సోల్స్', 2019 నాటి 'సెకిరో' వంటి గేముల్లో సులువు స్థాయి ఉండదు. పదేపదే చచ్చి, ఒక్కో శత్రువు కదలికను కంఠతా పట్టి గెలిచినప్పటి తృప్తి వేరు. చేతులు సరిగ్గా ఆడనివారికి, చూపు తక్కువైనవారికి ఆ తృప్తికి తలుపే మూసి ఉంటుంది. 2018లో 'సెలెస్ట్' ఆట వేగం తగ్గించుకునే, దెబ్బలు తగలకుండా చేసుకునే ఏర్పాటు పెట్టింది. దానివల్ల ఆ గేము కష్టానికి, దానికున్న గౌరవానికి ఏ లోటూ రాలేదు.

విడుదల తర్వాత మారే గేములు

2016లో 'నో మ్యాన్స్ స్కై' 18 పక్కన 18 సున్నాలు పెట్టేంత సంఖ్యలో గ్రహాలను వాగ్దానం చేసింది. అవి ఉన్నాయి, చేయడానికి పని మాత్రం తక్కువ. కొన్నవాళ్లు తిట్టిపోశారు. చిన్న బృందం ఏళ్ల తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇస్తూ పోయింది. 2020లో అదే గేముకు 'ద గేమ్ అవార్డ్స్'లో నిరంతరం సాగే గేముల విభాగంలో బహుమతి వచ్చింది.

'సైబర్‌పంక్ 2077' ఉదంతం విమర్శకులకు పాఠం. 2020 డిసెంబరు 10న విడుదలకు ముందు సమీక్షకులకు పీసీ ప్రతులే ఇచ్చారు. తాము ఆడిన దృశ్యాలు చూపడానికి కూడా ఒప్పుకోలేదు. పీసీకి 86 వచ్చింది. పాత కన్సోళ్ల మీద కొన్నవారికి మాత్రం మసకబారిన మనుషులు, గాలిలో తేలే కార్లు, మాటిమాటికీ ఆగిపోయే ఆట దక్కాయి. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన దుకాణం నుంచి తీసేసి డబ్బు వాపసు ఇచ్చింది. 2021 జూన్‌లో గేము తిరిగొచ్చింది. 2023లో పెద్ద అప్‌డేటు, అనుబంధ కథ వచ్చాక ప్రశంసలు అందుకుంది. ఏ యంత్రం మీద, ఏ రోజున, ఏ అప్‌డేటుతో ఆడారో రాయని సమీక్ష ఇప్పుడు సగం సమీక్షే.

డబ్బు, హింస, వ్యసనం

2017లో 'స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2' పేరున్న పాత్రలను గంటల తరబడి ఆడితే తప్ప అందకుండా పెట్టి, లోపల ఏముందో ముందుగా తెలియని లూట్ బాక్సులతో డబ్బు రాబట్టే ఏర్పాటు చేసింది. ఆటగాళ్లు తిరగబడితే విడుదలకు ముందు ఆ అమ్మకాలను నిలిపేశారు. 2018లో బెల్జియం కొన్ని లూట్ బాక్సులను జూదంగా తేల్చింది. అప్పటి నుంచి ధరల ఏర్పాటును కూడా గేము రూపకల్పనలో భాగంగానే సమీక్షిస్తున్నారు.

హింసపై విచారణలు అమెరికా సెనేట్‌లో 1993లో జరిగాయి, మరుసటి ఏడాది వయోపరిమితి రేటింగులు వచ్చాయి. గేములకూ భావప్రకటన హక్కు వర్తిస్తుందని 2011లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. గేములే హింసాత్మక నేరాలకు కారణమనడానికి చాలినంత ఆధారం లేదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో మళ్లీ స్పష్టం చేసింది. అరవడం, తోసుకోవడం వంటి దుడుకుతనంతో చిన్న సంబంధం మాత్రం ఉందంది. అదుపు తప్పిన గేమింగ్‌ను రుగ్మతగా చేర్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది.

మన దగ్గర

తెలుగు రాష్ట్రాల్లో గేములపై చర్చ చాలాకాలం రమ్మీ యాప్‌ల చుట్టూ, పబ్‌జీ చుట్టూ తిరిగింది. పందెం రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. పబ్‌జీ మొబైల్‌ను కేంద్రం 2020 సెప్టెంబరులో ఆపింది. అప్పులపాలైన కుటుంబాల బాధ నిజమైనదే. అయితే జూదాన్నీ గేమునూ ఒకే గాటన కట్టడంతో, ఫలానా గేము ఎందుకు బాగుందో చెప్పే రాతకు తెలుగు పత్రికల్లో చోటు దొరకలేదు. ఫోన్లో ఆడే కుర్రాళ్లు మాత్రం తమ కొలమానం తాము తయారుచేసుకున్నారు. ల్యాగ్ ఉందా, ఫోన్ వేడెక్కుతోందా, బ్యాటరీ ఎంత తాగుతోంది, డబ్బు పెట్టనివాడు గెలవగలడా? కన్సోల్ పత్రికలు పట్టించుకోని ప్రశ్నలివి.

2017లో 'బాహుబలి' పేరుతో వచ్చిన మొబైల్ గేములో మాహిష్మతి కనిపిస్తుంది, ఆటతీరు మాత్రం కోట కట్టి ఎదుటివాడి కోట దోచే పాత నమూనాయే. అదే ఏడాది హైదరాబాద్‌కు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 'అసుర' అనే సొంత గేము తెచ్చింది. పుణె బృందం 2020లో తెచ్చిన 'రాజీ' చిత్రకళను లోకమంతా మెచ్చుకుంది. పోరాటాలు మొరటుగా ఉన్నాయని, ముగింపు అర్ధాంతరంగా వచ్చిందని కూడా అన్నారు.

2023లో కెనడా నుంచి వచ్చిన 'వెణ్బా', అక్కడికి వలస వెళ్లిన తమిళ కుటుంబం కథ. 2024లో తొలి గేము విభాగంలో బాఫ్తా పురస్కారం గెలుచుకుంది. తల్లి ఇచ్చిన వంటల పుస్తకంలో అక్షరాలు చెరిగిపోయాయి, ఆ ఖాళీలను ఆటగాడు పూరించాలి. మొదటి వంట ఇడ్లీ. రేకులను ఎలా పేర్చితే ఆవిరి పై రేకు దాకా చేరుతుందో కనిపెట్టాలి. గంటా గంటన్నరలో అయిపోతుందని, వంటలో సవాలు లేదని కొందరు సమీక్షకులు మార్కులు తగ్గించారు. మన ఇళ్లలో పెరిగినవారికి ఇడ్లీ పాత్ర సవాలే కాదు, చెయ్యి దానంతటదే రేకును ఒక గాడి తిప్పి పెడుతుంది. పొడుపుకథగా కట్టిన ఆ ఘట్టం వాళ్లకు అలవాటైన పనిలా సాగిపోతుంది, గేము మరింత పొట్టిదవుతుంది, తల్లి పుస్తకంలోని ఖాళీలు మాత్రం మరింత దగ్గరగా తగులుతాయి. ఇంగ్లిష్ సమీక్షల్లో ఈ తీర్పుకు చోటు తక్కువ. దాన్ని రాయాల్సింది ఇక్కడివాళ్లు.